కోతల పండుగకి వెళ్ళిన మానిటర్

నెల్లిమర్ల స్టేషన్ రోడ్డులో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టే షాపు ఒకటుంది. 2018లో మీరు ఆ షాపుకి వెళ్ళి బెన్హర్‌ని పలకరించి ఉంటే, రెండు నిమిషాల్లో అతను మీకు మానిటర్ల గురించి చెప్పడం మొదలుపెట్టేవాడు. మీకు అక్కర్లేకపోయినా చెప్పేవాడు. ఆదాయం సర్టిఫికెట్ కోసం వచ్చిన ఒక ముసలాయనకి కూడా చెప్పాడని షాపు యజమాని రమేష్‌బాబు అందరి దగ్గరా నవ్వేవాడు. పాపం ఆ ముసలాయన ఓపిగ్గా అంతా విని, "అయితే నా కాయితం ఎప్పుడొస్తాది బాబూ?" అని అడిగాడట.

బెన్హర్‌ని చూసి నవ్వడం తేలిక. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, పెళ్ళి కావలసినవాడు, సాయంత్రం ఇంటికి పోయి కంప్యూటర్ ముందు కూర్చుని తుపాకుల ఆట ఆడతాడంటే ఊళ్ళో ఎవరికి నవ్వు రాదు? కానీ పొద్దున్నుంచీ ఇతరుల పేర్లు, ఇతరుల పుట్టిన తేదీలు, ఇతరుల తండ్రుల పేర్లు టైపు చేయడమే బతుకైనవాడికి సాయంత్రం ఒక గంటైనా తనదంటూ ఉండాలా వద్దా? ఉండాలనే నేనంటాను. అతని తండ్రి అతను ఇంటర్ చదువుతుండగానే జబ్బు చేసి పోయాడు. తల్లి అప్పలమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతూ ఇతన్ని డిగ్రీ దాకా లాక్కొచ్చింది. ఆ ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా అవసరం మెడ మీద కూర్చుంటేనే వచ్చేది. కేవలం ఇష్టమై, తనకోసం తాను, బెన్హర్ ఒక్క వస్తువూ కొనుక్కుని ఎరగడు.

ఆ ఆట ఐదుగురు జట్టుగా ఆడాలి. ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నెట్టు మీద ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ అవతలి ఐదుగురిని వేటాడాలి. ఐదుగురినీ మొదట పోగుచేసింది బెన్హరే. విజయనగరంలో ఫొటో స్టూడియో నడిపే శాంతికుమార్‌ని పట్టుకుని కెప్టెన్‌ని చేసిందీ అతనే. మూడేళ్ళుగా ఆడుతున్నారు. బెన్హర్‌కి స్నేహితులంటే వాళ్ళే. షాపులో అతను ఎవరికీ ఏమీ కాడు, ఆ జట్టులో మాత్రం అతను లేకపోతే ఒక మూల ఖాళీ.

ఆ మూలే ఇప్పుడు జారిపోయేట్టుంది. అతని కంప్యూటర్ శాంతికుమార్ స్టూడియోలో వాడి తీసేసినది. మానిటర్ మూతబడిన నెట్ సెంటర్ నుంచి తెచ్చుకున్న పాత చదరపు డబ్బా. ఏదైనా వేగంగా కదిలితే దాని వెనక మసక తోక ఒకటి వచ్చేది. ఎడమ చేతి మూల నల్లటి మచ్చ. శత్రువు ఆ మచ్చలోంచి నడిచొస్తే వాడు కాల్చాక గానీ బెన్హర్‌కి కనపడేవాడు కాదు. ప్రతి ఓటమి తర్వాతా అతను హెడ్‌ఫోన్లో ఒకే మాట అనేవాడు. "తప్పు నాది కాదు బావా, స్క్రీనుది." మొదట్లో అందరూ అవునన్నారు. తర్వాత ఊరుకున్నారు. ఆ నవంబర్లో శాంతికుమార్ తేల్చి చెప్పేశాడు.

"బావా, డిసెంబర్ మొదటి శనివారం మన క్వాలిఫయర్. అది గెలిస్తే వైజాగ్ స్టేజీ మీద ఆడతాం. నువ్వు ఆ లోగా స్క్రీను మార్చీ. మార్చకపోతే ఎల్లాజీని దింపుతాను. మరి నన్ను అనుకోకు."

ఎల్లాజీ విజయనగరం కుర్రాడు. కొత్తగా వచ్చినవాడు, చేతివేగం ఉన్నవాడు. వాడి ఇంట్లో మంచి స్క్రీను కూడా ఉంది. బెన్హర్‌కి ఒళ్ళు మండింది. తను పోగుచేసిన జట్టులోంచి తననే తీసేస్తారట!

ఇక మొదలైంది వెతుకులాట. చేతిలో ఉన్నది పదిహేను వేలు, అంతకు మించి రూపాయి లేదు. ఆ డబ్బుకి ఆటకి పనికొచ్చే మానిటర్ ఒక్కటి, ఒకే ఒక్కటి, తప్పు లేనిది దొరుకుతుందా అన్నదే ప్రశ్న. జవాబు ఎవరూ సూటిగా చెప్పరు. ఫోన్లో అతను చూడని వీడియో లేదు. అరగంట సేపు మాట్లాడి, అటు తిప్పి ఇటు తిప్పి చూపించి, చివరికి ప్రతివాడూ "మీ అవసరాన్ని బట్టి ఎంచుకోండి" అని చేతులు దులుపుకుంటాడు. అవసరం ఏమిటో తెలియకే వీళ్ళ మొహాలు చూస్తున్నాడా బెన్హర్? అంత మాత్రం చెప్పడానికి అరగంట దేనికి?

చిక్కు ఎక్కడంటే, తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్నదాన్ని హెర్ట్జ్ అంటారు. మామూలు వాటికి అరవై. ఆటగాళ్ళకి కావలసింది నూట నలభై నాలుగు. కానీ ఆ ధరలో ఆ వేగం కావాలంటే రంగులు వెలవెలబోయే రకమే దిక్కు. పైగా దానికి ఎదురుగా కూర్చుంటేనే బొమ్మ బొమ్మలా ఉంటుంది, పక్కకి జరిగితే తెల్లగా పాలిపోతుంది. రంగులు బాగుండే రకం తీసుకుంటే వేగం ఉండదు. రెండూ ఉన్నది తీసుకోవాలంటే అప్పలమ్మ చెవుల దిద్దులు అమ్మాలి. ఒకరోజు వేగం అనుకునేవాడు. మర్నాడు, రోజూ చూసే తెర అంత వెలవెలగా ఉంటే ఎలాగ అనుకునేవాడు. మూడో రోజు ఎవడో తను అనుకున్న మోడల్‌లో ఆర్నెల్లకే గీత పడిందని రాసిన మాట చదివి అన్నం సయించక లేచిపోయేవాడు.

సలహాలకి మాత్రం కొదవ లేదు. రమేష్‌బాబు, "ఆ డబ్బుకి టీవీయే వస్తాది కదరా, మీ అమ్మ సీరియల్ సూసుకుంటాది" అన్నాడు. విజయనగరం వెళ్ళి షాపులో అడిగితే యజమాని గణపతిరావు, "అన్నీ ఒకలాంటివే బాబూ, ఇది తీసుకో, దీంట్లో సినిమా బాగుంటాది" అని ఒక పెద్ద తెర మీద చేపలు ఈదే వీడియో పెట్టాడు. ఎన్ని హెర్ట్జ్ అని అడిగితే అట్ట పెట్టె నాలుగు వైపులా వెతికి, "ఇరవై నాలుగు ఇంచీలు" అన్నాడు. ఆన్‌లైన్లో చూస్తే కావలసిన మోడల్ కనపడేది, పిన్‌కోడ్ కొట్టగానే ఈ ప్రాంతానికి పంపలేమని ఎర్ర అక్షరాలు వచ్చేవి. విజయనగరం పిన్‌కోడ్ కొడితే పంపుతారట. నెల్లిమర్లకి ఎందుకు పంపరో, మధ్యలో సముద్రమేదైనా అడ్డం ఉందో, ఆ కంపెనీవాళ్ళకే తెలియాలి.

చివరికి వేగాన్నే ఎంచుకున్నాడు. శాంతికుమార్ స్టూడియో అడ్రసుకి ఆర్డర్ పెట్టాడు. క్వాలిఫయర్‌కి సరిగ్గా వారం ముందు, శనివారం సాయంత్రం, పెట్టెని బండి మీద ముందు పెట్టుకుని, ప్రతి గతుకు దగ్గరా ఆగి ఆగి ఇంటికి తెచ్చాడు. బ్లేడు తీసుకుని పెట్టె ముందు కూర్చున్నాడు.

"ఒరే బెన్నూ, ప్రార్థన అవ్వకుండా దాని సీలు తీసీకు," అంది అప్పలమ్మ వంటగదిలోంచి.

వాళ్ళ బాప్టిస్టు సంఘంలో అది ఆనవాయితీ. కొత్త వస్తువు ఏది కొన్నా ఆదివారం ఆరాధన అయ్యాక గుడిలో వేదిక ముందుకి తీసుకెళ్ళి పాస్టరు గారి చేత ప్రార్థన చేయించుకుని అప్పుడు వాడతారు. సైకిలైనా అంతే, కుక్కరైనా అంతే.

"రేపు కోతల పండగమ్మా. జనం ఎక్కువ. వచ్చే ఆదివారం సేయిద్దాంలే," అన్నాడు బెన్హర్.

"వచ్చే ఆదివారానికి నీ ఆట అయిపోతాదని నువ్వే కదా సెప్పినావు? మిక్సీకి సేయించినాం, గేసు పొయ్యికి సేయించినాం. ఇంత డబ్బెట్టి కొని దీనికి ఒద్దంటావేటి? రేపే తీసుకెల్దాం. నాను అయ్యగారికి సెప్తాను."

ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. బెన్హర్ బ్లేడు పక్కన పెట్టాడు. ఆ ఒక్క రాత్రి ఆగితే పోయేదేముందని అనుకున్నాడు. తర్వాత ఆ మాట తలుచుకుని ఎన్నిసార్లు పళ్ళు నూరుకున్నాడో చెప్పలేను.

కోతల పండుగంటే తెలియనివాళ్ళకి చెప్పాలి. వరి కోతలయ్యాక ఒక ఆదివారం సంఘంలోని వాళ్ళంతా తమ తొలి పంటలోంచి కొంత తెచ్చి ప్రసంగ వేదిక ముందు పెడతారు. ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు, కొబ్బరికాయలు, పొలం లేనివాళ్ళయితే ఇంట్లో చేసిన అరిసెలు. పాస్టరు గారు వాటన్నిటి మీదా ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత అక్కడే వేలం పాట. వచ్చిన డబ్బు గుడి పనులకి. పాటలో గెలిచినవాళ్ళు ఆ వస్తువుని మళ్ళీ దేవుడికే ఇచ్చేసి రెండోసారి పాట పెట్టించడం కూడా ఉంది. ఒక్క గుమ్మడికాయ నాలుగు సార్లు అమ్ముడైన సందర్భాలున్నాయి.

గుడిలో మైకు, స్పీకర్ల పని బెన్హర్‌ది. పొద్దున్నే వెళ్ళి వెనక బల్ల దగ్గర తీగలు సర్దుకోవడంలో పడ్డాడు. ఆరాధన అయ్యాక అందరూ కలిసి తినే ప్రేమ విందు వంటల దగ్గర అప్పలమ్మ ఉండాలి. పెట్టెని అక్కడి వలంటీర్ల చేతికిచ్చి, "ఇది ముందుకి ఎట్టండి బాబూ, అయ్యగారు ప్రార్థన సేస్తారు," అంది. ఏ పాపమూ ఎరగని మాట. మామూలు ఆదివారమైతే ఆ మాటకి అర్థం ఒకటే. కోతల పండుగ రోజున ముందు పెట్టినదానికి ఇంకో అర్థం ఉంటుందని కూర కలియబెట్టే హడావిడిలో ఆమెకి తట్టలేదు.

బెన్హర్ వెనకనుంచి చూశాడు. తన పెట్టె రెండు గుమ్మడికాయల మధ్య ఉంది. సరే, అన్నిటితో పాటు ప్రార్థన అయిపోతుంది, తర్వాత తీసుకుందాం అనుకున్నాడు. పాస్టరు గారు చేతులు చాచి, ఇక్కడ పెట్టిన ప్రతిదాన్నీ నీకే అప్పగిస్తున్నాం ప్రభువా అన్నారు. బెన్హర్ కూడా అందరితో పాటు ఆమేన్ అన్నాడు. అన్నది అతనే, నేను కల్పించలేదు.

సంఘ పెద్ద అబ్రహాం మైకు అందుకుని పాట మొదలుపెట్టాడు. రిటైరైన మేస్టరు, గొంతు పెద్దది, ఉత్సాహం అంతకంటే పెద్దది. రెండు గెలలు, ఒక కోడి అయ్యాక పెట్టెని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదిగో సూడండి! కంప్యూటరు టీవీ! సీలు కూడా తియ్యలేదు. మన అప్పలమ్మ కొడుకు బెన్హర్ ఎట్టినాడు. కాయా కాదు, పండూ కాదు. ఇన్నేళ్ళలో ఇలాటిది ఎవులైనా ఎట్టినారా? సప్పట్లు కొట్టండి!"

గుడంతా చప్పట్లు. బెన్హర్ ఏం చేయాలో తోచక ముందున్న మైకు గుండీని కిందికి తిప్పేశాడు. అబ్రహాం నోరు కదులుతోంది, మాట రావడం లేదు. మైకుని రెండుసార్లు తట్టి, "ఒరే బెన్నూ, మైకు సూడరా!" అని ఉత్త గొంతుతోనే కేకేశాడు. రెండు వందల తలలు వెనక్కి తిరిగాయి. బెన్హర్ గుండీని పైకి తిప్పాడు.

లేచి నిజం చెప్పొచ్చు కదా అంటారు. చెప్పొచ్చు. మీరైతే చెప్పేవారేమో. పాస్టరు గారు అతని వైపు చూసి చిరునవ్వు నవ్వుతున్నారు. ఎన్నేళ్ళుగానో ఒక పళ్ళెం అరిసెలు తప్ప ఏమీ పెట్టలేని ఇంటి నుంచి ఇంత పెద్ద కానుక వచ్చిందని ముందు వరసలో ఆడవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. దేవుడి ముందు పెట్టింది వెనక్కివ్వమని ఆ జనంలో అడిగితే, తల్లి ఆ గుడిలో మళ్ళీ తలెత్తుకోలేదు. కిటికీలోంచి అప్పలమ్మ కనపడింది. గరిటె చేతిలో ఉంది, కళ్ళు పెద్దవయ్యాయి. ఆమెకి అప్పుడు అర్థమైంది.

మిగిలిన దారి ఒక్కటే. బెన్హర్ చెయ్యెత్తి పాట పాడాడు. తన మానిటర్‌ని తానే పాడాడు. ఎవరో పెంచారు, అతను ఇంకా పెంచాడు. చివరికి మూడుసార్లు పిలిచి అబ్రహాం అతనికే ఖాయం చేశాడు. నెల జీతం పోతే పోయింది, వస్తువు దక్కిందని బెన్హర్ కూలబడి ఊపిరి పీల్చుకున్నాడు. అంతలో అబ్రహాం కళ్ళు తుడుచుకుంటూ మైకులో అందుకున్నాడు.

"ఎట్టినోడే మల్లీ కొన్నాడు! ఎందుకు? దేవుడికి రెండోసారి ఇవ్వడానికి! బెన్హర్ దీన్ని మల్లీ పాటకి ఇచ్చేస్తన్నాడు. హల్లెలూయా!"

గుడంతా హల్లెలూయా అంది. రెండోసారి పాడడానికి బెన్హర్ దగ్గర ఏమీ లేదు. అబ్రహామే స్వయంగా పాడి, కొని, ఇది గుడికే ఉండాలి, కీర్తనలు దీని మీద వేసుకుందాం అని ప్రకటించాడు. పాపం మంచివాడే. ఈ కథలో చెడ్డవాడెవడైనా ఉంటే వాణ్ణి తిట్టి బెన్హర్ మనసు తేలిక చేసుకునేవాడు. అదీ లేకుండా పోయింది.

ఇంటికొచ్చాక తల్లి మీద విరుచుకుపడ్డాడు. "నా బతుకులో నాకోసం కొనుక్కున్నది అదొక్కటేనమ్మా! ఒద్దంటే ఇన్నావా? ఒక్కసారైనా నా మాట ఇన్నావా?"

"నాను ఎల్లి అబ్రహాం పెద్దయ్యకి సెప్తాను బాబూ. తప్పైపోనాదని సెప్తాను."

"ఎల్లావంటే నా మీద ఒట్టే. ఉన్న పరువు కూడా తీసీకు."

ఆమె వెళ్ళలేదు. ఆ వారమంతా ఆ ఇంట్లో మాటల్లేవు. ఎండు చేపల పులుసు పెట్టినా అతను ముట్టలేదు, బయట తినేసినట్టు సైగ చేసి పడుకున్నాడు. ఆమె మూత పెట్టి, పొద్దున్న వేడి చేసి తానే తింది.

మానిటర్‌ని బిగించే పని కూడా అతని మీదే పడింది. ఇంకెవరికి చేతనవుతుంది? తను బ్లేడు పెట్టాలనుకున్న సీలుని గుడిలో, అబ్రహాం చూస్తుండగా కోశాడు. వేదిక పక్కన బల్ల మీద నిలబెట్టి సంఘం వాళ్ళ లాప్‌టాప్ తగిలించాడు. బుధవారం కూడికలో దాని మీద కీర్తన వచ్చింది. సెకనుకి నూట నలభై నాలుగు సార్లు మారగల తెర మీద నాలుగు పంక్తులు కదలకుండా నిలబడ్డాయి. కూడిక అయ్యాక అబ్రహాం దగ్గరికొచ్చాడు.

"ఏటిరా బెన్నూ, పక్కన కూకున్నోలకి అచ్చరాలు తెల్లగా పాలిపోయి కనిపిస్తన్నాయి? కొన్నప్పుడు కాస్త సూసుకుని మంచిది కొనకపోయావా?"

వారాల తరబడి నిద్ర మానుకుని ఎంచిన మనిషితో అన్న మాట అది. బెన్హర్ ఆ పూట గుడి తాళం వేసి, తాళం చెవి పిడికిట్లో పట్టుకుని గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాడు. అతనికి ఆలోచన వచ్చింది అప్పుడే.

గుడి తాళం చెవి అతని దగ్గరుంటుంది. క్వాలిఫయర్ శనివారం మధ్యాహ్నం. స్త్రీల సమాజం ఉపవాస ప్రార్థన అదే రోజు సాయంత్రం. మధ్యలో గుడి ఖాళీ.

శనివారం మధ్యాహ్నం కంప్యూటర్ పెట్టెని దుప్పట్లో చుట్టి ఆటోలో గుడికి తెచ్చాడు. తలుపు దగ్గరగా వేసి, తీగలు కలిపి, ఫోన్లోంచి నెట్టు పెట్టుకుని మానిటర్ ముందు కూర్చున్నాడు. వెనక గోడ మీద సిలువ. తప్పని తెలుసు. భయమూ వేసింది. అయినా బొమ్మ కదలగానే అన్నీ మర్చిపోయాడు. మసక లేదు, తోక లేదు, మచ్చ లేదు. మనుషులు మనుషుల్లా పరిగెత్తుతున్నారు. ఇన్నేళ్ళూ మురికి అద్దంలోంచి చూశానా అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వచ్చినావా బావా?" అన్నాడు హెడ్‌ఫోన్లో శాంతికుమార్. "కొత్త స్క్రీనేనా?"

"కొత్తదే. ఎల్లాజీని పక్కన కూకోమను."

కానీ నిర్వాహకులెవరో ఆట మొదలుపెట్టడం ఆలస్యం చేశారు. ఎంతకీ పిలవరు. పిలిచేసరికి ఎండ వాలింది. ఆట సగంలో ఉండగా తలుపు కిర్రుమంది. చాపలు పరవడానికి అందరికంటే ముందు వచ్చే మనిషి అప్పలమ్మే. చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. వేదిక పక్కన కొడుకు, తెర మీద తుపాకీ, నేల మీద పడి ఉన్న మనుషులు. గుడిలోకి చెప్పులతో వచ్చినవాళ్ళనే ఊరుకోని మనిషి ఆమె. ఇక అయిపోయిందనుకున్నాడు బెన్హర్.

ఆమె అతని మొహం వైపే చూసింది. తలుపు మెల్లగా మూసేసింది. బయట ఆడవాళ్ళ గొంతులు దగ్గరయ్యాయి. బెన్హర్ ఒక చెవి మీదనుంచి హెడ్‌ఫోన్ జరిపాడు.

"లోపలికి ఎల్లకండమ్మా," అంటోంది అప్పలమ్మ. "మా వోడు కరెంటు పని సేస్తన్నాడు. తీగలు ఏలాడతన్నాయి, సాక్ కొడతాది. సాపలు అరుగు మీదే ఏసుకుందాం. గాలి కూడా బాగున్నాది."

గుడి గుమ్మంలో నిలబడి, ఉపవాసం రోజున, అప్పలమ్మ అబద్ధం ఆడింది. ఆమె అబద్ధం ఆడగా బెన్హర్ తన జన్మలో వినలేదు. అరుగు మీద చాపలు పరిచిన చప్పుడు, దాని వెనకే కీర్తన. అందరికంటే పెద్దగా ఆమె గొంతే వినపడుతోంది. లోపలి తుపాకుల చప్పుడు బయటికి రాకుండా అంత గట్టిగా పాడుతోందని అతనికి తెలిసింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చప్పుడు బయటికి రాదని ఆమెకి ఎవరు చెప్పారు?

ఆట ఆఖరి రౌండుకి వచ్చింది. తన వైపు నలుగురూ పోయారు. అవతల ఒక్కడు మిగిలాడు, ఇవతల బెన్హర్. ఇది గెలిస్తే వైజాగ్. ఆ నలుగురూ ఎవరి ఇంట్లో వాళ్ళు, తమ తెరల మీద ఇప్పుడు అతని ఆటనే చూస్తున్నారు. వాడు గోడ చాటునుంచి బయటికి వచ్చాడు. తల నుంచి బూట్ల దాకా కనపడ్డాడు. బెన్హర్ వాణ్ణి ముందుగా చూశాడు. స్పష్టంగా చూశాడు. వేలు నొక్కాలని కూడా అనుకున్నాడు. నొక్కేలోపల వాడు కాల్చేశాడు.

తెర ఎర్రబడింది. హెడ్‌ఫోన్లో శాంతికుమార్ అందుకున్నాడు.

"పర్లేదు బావా. స్క్రీను కొత్తది కదా, ఇంకా అలవాటు అవ్వలేదు."

ఆ దయ బెన్హర్ తట్టుకోలేకపోయాడు. హెడ్‌ఫోన్లు తీసేశాడు. మూడేళ్ళుగా ఎన్ని ఓటములు ఆ పాత డబ్బా నెత్తిన వేశాడో అన్నీ ఒక్కసారిగా వచ్చి అతని ఒళ్ళో పడ్డాయి. మంచి తెర ఇంకోటి కొనొచ్చు, ఎప్పటికైనా కొంటాడు. అది కాదు అతన్ని తొలిచేది. ఎల్లాజీ అయితే కాల్చి ఉండేవాడు. ఆ సంగతి శాంతికుమార్‌కి తెలుసు, బెన్హర్‌కీ తెలిసిపోయింది.

తీగలు విప్పి, కంప్యూటర్ పెట్టెని దుప్పట్లో చుట్టి, మానిటర్‌కి గుడి లాప్‌టాప్ మళ్ళీ తగిలించాడు. ప్రార్థన ముగిసి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అప్పలమ్మ లోపలికి వచ్చింది. ఆదివారం తర్వాత ఆమె అతనితో మాట్లాడడం అదే మొదలు.

"గెలిసినావా?"

"లేదు."

ఆమె మొహం చిన్నబోయింది. తెర వైపు తిరిగి, చెంగుతో దాని మీద లేని దుమ్ము తుడిచింది.

"అయితే ఈ టీవీ మంచిది కాదేటి?"

అవునంటే సరిపోతుంది. ఆమె నమ్ముతుంది, శాంతికుమార్ ఎలాగూ నమ్మినట్టు నటిస్తాడు, రేపటి నుంచి ఎప్పటిలా ఉండొచ్చు. బెన్హర్ ఆ మాట అనడానికి నోరు తెరిచాడు కూడా. కానీ ఆ సాయంత్రమే ఆ గుమ్మంలో అతనికోసం ఒక అబద్ధం ఆడిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది. ఆమెతో ఇంకొకటి ఆడడానికి అతనికి మనసొప్పలేదు.

"మంచిదేనమ్మా," అన్నాడు. "సానా మంచిది. నాకే సేత కాలేదు."